హైదరాబాదు కానుక విమానం ఎఫ్ 1010: వస్తుసంరక్షణ, చరిత్రకథనం – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

హైదరాబాదు నిజాం ఇచ్చిన ధనంతో 1918లో తయారైన బ్రిటిష్ బాంబర్ విమానం ఎఫ్ 1010 ప్రస్తుతం లండన్‌లోని రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియంలో ఉంది. తెలుగు నేలతో సంబంధమున్న ఈ వస్తువు ఆధారంగా, పాత విమానాన్ని కాపాడడమంటే దేన్ని కాపాడడమన్న ప్రశ్నను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. వస్తువులోని అసలు భాగాల సంరక్షణ, ఆ వస్తువు వెనుక ఉన్న సంబంధాల సంరక్షణ అనేవి రెండు వేర్వేరు బాధ్యతలని ప్రతిపాదించి, ఆ వెలుగులో కోస్తాంధ్రలోని విమాన ప్రదర్శనలకు వర్తించే అంశాలను సూచిస్తుంది.

కీలక పదాలు: కానుక విమానాలు, డి.హెచ్.9ఏ, నిజాం, సంరక్షణ, పునర్నిర్మాణం, ప్రదర్శన, సీ హారియర్.

1. ఉపోద్ఘాతం

శిలాశాసనం శతాబ్దాల తరువాత కూడా చెక్కిన నాటి రాయిగానే మిగులుతుంది. విమానం విషయం వేరు. అది వాడుకలో ఉన్నప్పుడే రెక్కల మీది గుడ్డ మారుతుంది, ఇంజన్ మారుతుంది, విరిగిన చట్రానికి కొత్త కర్ర వేస్తారు. అందువల్ల మ్యూజియానికి చేరిన విమానంలో ‘అసలు’ అన్న మాటకు స్థిరమైన అర్థం ఉండదు. ఉన్న పదార్థాన్ని ఉన్నట్టుగా నిలపడం సంరక్షణ. పూర్వరూపం తెలిసేలా సరిచేయడం పునరుద్ధరణ. లేని భాగాలను కొత్తగా చేయడం పునర్నిర్మాణం. ఒకే విమానంలో ఈ మూడూ కలిసి ఉండవచ్చు. ఏ భాగం ఏ కోవకు చెందుతుందో చూపరికి తెలియజేయడమే ప్రదర్శనలోని నిజాయితీ.

2. కానుక నుంచి యుద్ధఖైదు వరకు

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో సంస్థానాధీశులు, వలస రాజ్యాల ప్రభుత్వాలు, సంఘాలు ఇచ్చిన విరాళాలకు గుర్తుగా విమానాల మీద దాతల పేర్లు రాసే పద్ధతి బ్రిటన్‌లో ఉండేది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన కానుకతో 110వ స్క్వాడ్రన్‌కు డి.హెచ్.9ఏ విమానాలు సమకూరాయి. అందుకే ఆ దళం పేరులో ‘హైదరాబాద్’ చేరింది. రెండు సీట్లుండే ఈ పగటి బాంబర్‌కు కర్రతో చేసిన చట్రం, దాని మీద గుడ్డ, 400 అశ్వశక్తి గల అమెరికన్ లిబర్టీ ఇంజన్ ఉండేవి.

ఎఫ్ 1010ను యోవిల్‌లోని వెస్ట్‌లాండ్ కర్మాగారం తయారుచేసింది. నిజాం ఇచ్చిన కానుక అని తెలిపే వాక్యంతో పాటు ‘హైదరాబాద్ నెం. 12ఏ’ అన్న గుర్తు దాని మీద ఉంది. 110వ స్క్వాడ్రన్ 1918 సెప్టెంబరులో ఫ్రాన్స్ చేరి, జర్మనీలోని లక్ష్యాలపై దూరదాడులు చేసిన దళాల్లో ఒకటిగా పనిచేసింది. అక్టోబరు 5న కైజర్‌లాటెర్న్ ప్రాంతంపై జరిగిన దాడిలో ఎఫ్ 1010 తిరిగి రాలేదు. విమానం జర్మన్ల చేతికి చిక్కింది. అందులోని ఇద్దరూ యుద్ధఖైదీలయ్యారు. మరో ఐదు వారాలకు యుద్ధం ముగిసింది.

ఆ విమానం నిలవడానికి కారణం అది పట్టుబడడమే. తోటి విమానాలు కూలిపోయాయి, లేదా వాడుక తీరి తుక్కుగా మారాయి. ఎఫ్ 1010ను మాత్రం జర్మన్లు యుద్ధచిహ్నంగా బెర్లిన్ వైమానిక సంగ్రహాలయంలో ఉంచారు. రెండవ ప్రపంచ యుద్ధంలో బాంబుదాడుల వల్ల ఆ సంగ్రహంలోని కొంతభాగాన్ని తూర్పు ప్రాంతాలకు తరలించగా, యుద్ధానంతరం అది పోలండ్ అధీనంలోకి వచ్చింది. 1977లో రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియం ఒక స్పిట్‌ఫైర్‌ను క్రాకోలోని పోలిష్ మ్యూజియానికి ఇచ్చి, బదులుగా ఎఫ్ 1010ను తీసుకుంది. బ్రిటన్‌కు అది హైదరాబాదు కానుక, జర్మనీకి విజయచిహ్నం, పోలండ్‌కు మార్పిడికి పనికివచ్చిన సంపద. వస్తువు ఒకటే అయినా చేతులు మారినప్పుడల్లా దాని అర్థం మారింది.

3. ఏది అసలు, ఏది కొత్తది?

తిరిగి వచ్చినప్పుడు విమానం సంపూర్ణంగా లేదు. మధ్యదేహం మిగిలినా రెక్కలు లేవు. కార్డింగ్టన్‌లోని మ్యూజియం కార్యశాలలో లేని భాగాలను కొత్తగా తయారుచేసి, 1983లో దాన్ని హెండన్‌లో ప్రదర్శనకు ఉంచారు. కనుక చూపరి ముందున్నది కొంత 1918 నాటి వస్తువు, కొంత ఇరవయ్యో శతాబ్దం చివరి పాదంలో జరిగిన చేతిపని. ఇది లోపం కాదు. రెక్కలు లేకుండా నిలబెడితే డి.హెచ్.9ఏ ఎంతటి విమానమో సామాన్య చూపరి ఊహించలేడు. అయితే కొత్తభాగాన్ని అసలుగా భ్రమింపజేస్తే, రేపటి పరిశోధకుడు ఆ కర్రను 1918 నాటి తయారీ పద్ధతికి సాక్ష్యంగా తీసుకునే ప్రమాదం ఉంది. పని వివరాలను భద్రపరచడం పనిలో భాగమే.

భారతదేశంలో దీనికి ఎదురుగా నిలిచే ఉదాహరణ బికనీరు. యుద్ధం తరువాత ఆ సంస్థానానికి కానుకగా వచ్చిన డి.హెచ్.9ల అవశేషాలు రాజప్రాసాదపు ఏనుగుశాలలో దశాబ్దాల పాటు పడి ఉన్నాయి. కర్రను చెదలు తిన్నాయి. వాటిలో రెండింటి అవశేషాలను బ్రిటన్‌కు తీసుకువెళ్లి పునరుద్ధరించారు. ఒకటి డక్స్‌ఫర్డ్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియంలో ప్రదర్శనలో ఉండగా, రెండవది 2019లో మళ్లీ గాలిలోకి లేచింది. ఎగరడానికి భద్రత ప్రధానం. అందుకోసం పాత పదార్థాన్ని విస్తారంగా మార్చక తప్పదు. ఎగిరే విమానం చలనాన్ని, ధ్వనిని కాపాడుతుంది. నిలిచిన విమానం పదార్థాన్ని కాపాడుతుంది. రెండూ ఒకే వస్తువులో సంపూర్ణంగా సాధ్యం కావు.

ఈ వంశంలో భారతదేశంలోనే మిగిలిన విమానం కూడా ఒకటుంది. డి.హెచ్.9ఏ భాగాలను వాడుకునేలా వెస్ట్‌లాండ్ సంస్థ రూపొందించిన వాపిటీతోనే 1933లో భారత వైమానిక దళపు మొదటి స్క్వాడ్రన్ ఆరంభమైంది. ప్రపంచంలో మిగిలిన ఏకైక వాపిటీ ఢిల్లీలోని పాలం వైమానిక దళ మ్యూజియంలో ఉంది.

4. పేరులో లేనివారు

విమానం మీది వాక్యం దాతగా నిజాంనే పేర్కొంటుంది. శాసనాలు చదివేవారికి ఇది కొత్త కాదు: దానశాసనంలో రాజు పేరు ఉంటుంది, పన్ను కట్టిన రైతు పేరు ఉండదు. హైదరాబాదు సంస్థానపు ఆదాయంలో ప్రధానభాగం భూమిశిస్తు. తెలుగు, మరాఠీ, కన్నడ జిల్లాల సేద్యగాళ్ల శ్రమ ఆ ఖజానాకు ఆధారం. ఫలానా విమానానికి ఫలానా జిల్లా సొమ్ము వెళ్లిందని చెప్పడం సరికాదు. కానీ రాజు దానాన్ని రాజ్యపు ఆర్థికవ్యవస్థ నుంచి విడదీసి చూడడమూ సరికాదు.

ఈ చరిత్ర సంస్థానపు సరిహద్దుల్లోనే ఆగదు. రెండవ ప్రపంచ యుద్ధంలో 152, 253 స్క్వాడ్రన్లు హైదరాబాదు పేరును మోయగా, 79, 234, 264 స్క్వాడ్రన్లకు ‘మద్రాసు ప్రెసిడెన్సీ’ అన్న పేరు చేరింది. బెజవాడ, బందరు సహా కృష్ణా డెల్టా అంతా అప్పటికి ఆ ప్రెసిడెన్సీలోనిదే. 264వ దళం నడిపిన డిఫయంట్ విమానాల్లో సంపూర్ణంగా మిగిలినది ప్రపంచంలో ఒక్కటే. అయితే అది పోలిష్ వైమానికుల 307వ దళంలో పనిచేసినది. ‘మద్రాసు ప్రెసిడెన్సీ’ డిఫయంట్ ఒక్కటీ మిగలలేదు. మిగిలింది పేరు మాత్రమే. హైదరాబాదు విషయంలో వస్తువూ పేరూ రెండూ ఉన్నాయి. ఎఫ్ 1010కి తెలుగు పరిశోధనలో ప్రాముఖ్యం ఇవ్వవలసిన కారణం ఇదే.

5. కోస్తాలో ప్రదర్శన

బ్రిటిష్ విమానం తెలుగువారికి లండన్‌లోనే కనిపించేది కాదు. 1983 నుంచి 2016 వరకు భారత నౌకాదళంలో పనిచేసిన సీ హారియర్ ఒకటి విశాఖ బీచ్ రోడ్డులో ప్రదర్శనకు ఉంది. సీ హారియర్లను మోసిన విమానవాహక నౌక ఐఎన్ఎస్ విరాట్‌ను కూడా విశాఖలో మ్యూజియంగా మార్చాలన్న ప్రతిపాదన వచ్చింది. అది నెరవేరలేదు, 2020లో ఆ నౌక విచ్ఛేదనం కోసం గుజరాత్‌లోని అలంగ్ చేరింది. నౌక లేనప్పుడు విమానం మీద కథనభారం పెరుగుతుంది.

లోహవిమానానికి చెదల భయం లేదు గాని ఉప్పుగాలి భయం ఉంది. అల్యూమినియం మిశ్రమలోహం, ఉక్కు బిగింపులు తగిలేచోట ఉప్పు తేమ చేరితే విద్యుద్రసాయన చర్య వల్ల అల్యూమినియం తినివేయబడుతుంది. పైన రంగు మెరుస్తున్నా అతుకుల లోపల క్షయం సాగుతుంది. తీవ్రమైన ఎండ టైర్లను, రబ్బరు బిగింపులను, కాక్‌పిట్ పారదర్శక కప్పును పెళుసు చేస్తుంది. వాననీరు బయటికి పోయే రంధ్రాలు మూసుకుపోతే దేహమే నీటితొట్టి అవుతుంది. వేసవి ఎండ, వర్షాకాలపు తేమ, తుఫాన్లు గల కృష్ణా డెల్టాలో ఏ కూడలిలోనైనా, కళాశాల ఆవరణలోనైనా పాత విమానాన్ని నిలపదలచినవారికి ఇవే సమస్యలు ఎదురవుతాయి. ఏటేటా రంగు వేయడం సంరక్షణ కాదు. పాత రంగుపొరలు, గుర్తులు చరిత్రసాక్ష్యాలు గనుక, నమోదు చేయకుండా వాటిని గీకివేయడం శాసనాక్షరాలను చెరిపివేయడంతో సమానం. పైకప్పు, నీటిపారుదల, నిర్ణీత తనిఖీ, పని వివరాల పుస్తకం అనే నాలుగూ రంగు కంటే ముందు రావాలి.

6. ముగింపు

ఎఫ్ 1010 రెండు పాఠాలు చెబుతుంది. కొత్తరెక్కలు తొడిగినా పాత దేహాన్ని నిలబెట్టుకోవచ్చన్నది మొదటిది. దేహం నిలిచినా, దాని మీద రాసిన పేరు దాటి చదవకపోతే చరిత్ర సగమే మిగులుతుందన్నది రెండవది. మొదటి పని కార్యశాలలో జరుగుతుంది. రెండవ పని దస్తావేజుశాలలో, విశ్వవిద్యాలయంలో జరగాలి. నిజాం రాజ్యపు ఆర్థిక పత్రాలను, ప్రెసిడెన్సీ యుద్ధనిధి రికార్డులను, నాటి తెలుగు పత్రికలను ఈ కోణంలో చదివితే, ఒక బ్రిటిష్ విమానం తెలుగు సామాజిక చరిత్రకు ఆధారంగా మారుతుంది. లండన్‌లోని కొత్తరెక్కలను ఆ మ్యూజియం చేసుకుంది. పేరు వెనుక ఉన్న ప్రజల కథను సమకూర్చవలసిన బాధ్యత తెలుగు పరిశోధకులది.