ఆక్షన్ షీట్‌లో గ్రేడ్ 4 అంటే ఏంటి? జపాన్ యూజ్డ్ కారు కొనేముందు ఇది చూడండి

ఫ్రెండ్స్, సెకండ్ హ్యాండ్ ఫోన్ కొనేటప్పుడు బ్యాటరీ హెల్త్ చూడకుండా డబ్బులివ్వం కదా! ఆక్లాండ్‌లో జపాన్ నుంచి వచ్చిన టయోటా ఆక్వా చూసినప్పుడు నేను మాత్రం "గ్రేడ్ 4" అనగానే అడ్వాన్స్ ఇవ్వబోయాను. అదృష్టం, ముందు ఆక్షన్ షీట్ అడిగాను. అందులో ఉన్నది "ఆర్".

జపాన్ వేలంలో ఇన్‌స్పెక్టర్ ప్రతి కారునీ చెక్ చేసి గ్రేడ్ ఇస్తారు.

ఎస్: దాదాపు కొత్తది
5, 4.5: చాలా బాగుంది
4: బాగుంది, చిన్న గీతలు ఉండొచ్చు
3.5, 3: గీతలు, సొట్టలు ఎక్కువ
ఆర్, ఆర్‌ఏ: యాక్సిడెంట్ అయ్యి రిపేర్ చేసింది

లోపలి భాగానికి ఏ, బీ, సీ, డీ అని విడిగా ఇస్తారు. షీట్‌లోని కారు బొమ్మ మీద ఏ అంటే గీత, యూ అంటే సొట్ట, డబ్ల్యూ అంటే రిపేర్ ఆనవాలు, డబుల్ ఎక్స్ అంటే మార్చేసిన ప్యానెల్. పక్కన అంకె పెరిగేకొద్దీ డ్యామేజ్ ఎక్కువ.

ఒక్కో వేలం సంస్థ లెక్క కాస్త వేరుగా ఉంటుంది. పైగా హైబ్రిడ్ బ్యాటరీ హెల్త్ గ్రేడ్‌లో తెలియదు. అందుకే షీట్ మీది ఛాసిస్ నంబర్ కారుతో పోల్చి, మెకానిక్‌తో చెక్ చేయించండి.

నేను ఆ కారు వదిలేశా. ఆర్ కారు పనికిరాదని కాదు, 4 రేటుకి ఆర్ కొనకూడదు, అంతే!