చలికాలం చైనా పొయ్యి మీద ముల్లంగి - మాంసం పులుసు

చలికాలం వచ్చిందంటే దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ ఇళ్లలో మట్టికుండలు పొయ్యెక్కుతాయి. గంటల తరబడి సన్నని సెగ మీద ఉడికే ఆ కుండల్లో తరచు కనిపించేది ముల్లంగి, ఎద్దు మాంసం కలిపిన పులుసు. అక్కడి భాషలో దీని పేరు 'లోబాక్ ఙౌ లామ్'. లోబాక్ అంటే ముల్లంగి. ఙౌ లామ్ అంటే పొట్ట కింది భాగపు మాంసం.

చైనావారి పంచాంగం ప్రకారం నవంబరు 7, 8 తేదీల్లో చలికాలం మొదలవుతుంది. డిసెంబరు 21, 22 తేదీల్లో వచ్చే 'దోంగ్‌జీ' పండుగ కొత్త సంవత్సరం కన్నా గొప్పదని గ్వాంగ్‌డాంగ్‌లో సామెత. ఆ రోజు కుటుంబమంతా ఒకచోట కూర్చుని భోంచేస్తారు. చలికాలం ముల్లంగి, వేసవిలో అల్లం తింటే వైద్యునితో పని లేదని కూడా వారంటారు. చలికి ముల్లంగి దుంపలో చక్కెర పెరుగుతుంది. అందుకే ఈ కాలపు ముల్లంగి తియ్యగా ఉంటుంది.

దున్నే ఎద్దుకు రక్షణ

ఇప్పుడు ఇంటింటి వంటయినా, ఒకప్పుడు చైనాలో ఎద్దు మాంసం అంత సులభంగా దొరికేది కాదు. ఎద్దు లేనిదే సేద్యం లేదు. క్రీ.శ. 653 నాటి టాంగ్ వంశపు చట్టం ప్రకారం తన ఎద్దును తానే చంపుకున్న రైతుకు కూడా ఏడాది శిక్ష. నాగలి నమ్ముకున్న మన రైతులకు ఈ కట్టడి అర్థం వేరే చెప్పనక్కర లేదు.

వండే పద్ధతి

కిలో మాంసానికి కిలో లావుపాటి తెల్ల ముల్లంగి కావాలి. మాంసాన్ని చన్నీళ్లలో వేసి పొయ్యి మీద పెట్టాలి. తెర్లిన తర్వాత అయిదు నిమిషాలుంచి, పైకి తేలిన మడ్డి తీసేసి, కడిగి, రెండంగుళాల ముక్కలు కోయాలి. ఉడికితే కుంచించుకుపోతాయి కనుక చిన్న ముక్కలు పనికిరావు.

నూనెలో అల్లం ముక్కలు, వెల్లుల్లి వేయించి మూడు చెంచాల 'చూహౌ' ముద్ద వేయాలి. సోయా చిక్కుళ్లను పులియబెట్టి చేసే ఈ ముద్దకు ఫోషాన్ పట్టణం పుట్టినిల్లు. తర్వాత మాంసం, రెండు అనాసపువ్వులు, కాస్త దాల్చినచెక్క, ఎండిన కమలా తొక్క, చిన్న పటికబెల్లం ముక్క, రెండు చెంచాల సోయా సాస్ వేసి, ముక్కలు మునిగేలా వేడినీళ్లు పోసి మూత పెట్టాలి.

గంటన్నర నుంచి రెండు గంటలు సన్నని సెగ మీద ఉడకాలి. ఈ భాగంలో నరాలు, పొరలు ఎక్కువ. తొందరపడితే తోలులా సాగుతుంది. నిదానంగా ఉడికితే ఆ పొరలే కరిగి పులుసుకు చిక్కదనం ఇస్తాయి. ప్రెషర్ కుక్కర్‌లో ముప్పావు గంట చాలు.

ముల్లంగిని ముందే వేయకూడదు. తొక్క కింద పీచు పొర ఉంటుంది కనుక మందంగా చెక్కి, పెద్ద ముక్కలు కోసి, చివరి అరగంటలో వేయాలి. మాంసం రసమంతా పీల్చుకున్న ముల్లంగి కోసమే వంటింట్లో పోటీ. రాత్రంతా ఉంచి మర్నాడు వేడిచేస్తే రుచి ఇంకా పెరుగుతుంది. వేడి అన్నంలోకి గానీ, నూడుల్స్‌లోకి గానీ వడ్డిస్తారు.

మనకూ దగ్గరే

బిర్యానీలో మనం వేసే అనాసపువ్వు సొంత ఊరు దక్షిణ చైనా, ఉత్తర వియత్నాం కొండలే. ఎద్దు మాంసం ముట్టనివారు నిరాశపడనక్కర లేదు. చైనాలోనే చాలామంది చలికాలంలో ఇదే ముల్లంగిని గొర్రె మాంసంతో వండుకుంటారు. చూహౌ ముద్ద దొరకకపోతే సోయా సాస్, అల్లం, వెల్లుల్లి కాస్త ఎక్కువ వేసుకోవచ్చు. రుచి కొంత మారినా చలికి వెచ్చదనం మాత్రం తగ్గదు. కావలసిందల్లా లేత ముల్లంగి, సన్నని సెగ, కాస్త ఓపిక.