‘డీమ్’ అను ఆంగ్ల క్రియ – అర్థము, ప్రయోగము

ఆంగ్ల శాసనములను తెనిగించువారిని పెద్ద పదములకంటె చిన్న పదములే మిక్కిలి చిక్కుపెట్టును. అట్టివానిలో ‘డీమ్’ అను క్రియ యొకటి. దీనికి భావించు, తలచు, ఎంచు అను అర్థములను చెప్పుట పరిపాటి. ఈ మూడును ఎల్లెడల సమానములు కావని మా యభిప్రాయము.

ప్రాచీనాంగ్లమున ఈ క్రియకు తీర్పు చెప్పుట యని యర్థము. ఇది ‘డూమ్’ అను నామమునకు జ్ఞాతి. ఆ నామమునకు మొదట తీర్పు, శాసనము అను అర్థములుండగా, పిమ్మట దుర్విధి యను అర్థము కలిగినది. మాన్ ద్వీపమున న్యాయమూర్తిని నేటికిని ‘డీమ్‌స్టర్’ అందురు. ఈ పదముల మూలము సంస్కృతమునందలి ‘ధా’ ధాతువునకు సోదరమని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. మన ‘విధి’ శబ్దము ఆ ధాతువునుండియే పుట్టినది. దానికిని శాసనమనియు, దైవమనియు రెండర్థములుండుట గమనింపదగినది.

కాలక్రమమున ఆంగ్ల లోకవ్యవహారమున ‘డీమ్’ బలము తగ్గి, ‘ఉచితమని తలచెను’ అనునంతటి యర్థమున నిలిచినది. శాసనభాషయందు మాత్రము దాని పూర్వాధికారము చెడలేదు.

1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టమును చూడుడు. దత్తత జరిగిన నాటినుండి ఆ శిశువును సకల ప్రయోజనములకును దత్తత గొన్నవారి బిడ్డగా ‘డీమ్’ చేయవలెనని అందలి 12వ సెక్షను చెప్పుచున్నది. ఇచట ఎవరి తలపుతోను పనిలేదు. కన్నవారు వేఱని చట్టమెఱుగును. ఎఱిగియే యీ కల్పన చేయుచున్నది. ఆ కల్పనకు హద్దును కూడ అదియే యేర్పఱచినది: జన్మకుటుంబమున నుండినచో ఎవరిని వివాహమాడరాదో, వారిని దత్తత పిమ్మటను వివాహమాడరాదు.

భారత రాజ్యాంగమునందును ఇట్టి భేదమే కనబడును. 5వ అధికరణము ఈ దేశమున స్థిరనివాసము గలవారిని గూర్చి, నియమములకు లోబడి, పౌరులు ‘అగుదురు’ అనుచున్నది. 6వ అధికరణము పాకిస్థానునుండి వలసవచ్చినవారిని గూర్చి, తగు నియమములతో, ‘డీమ్’ను ప్రయోగించినది. దానిని ‘పౌరులని భావింపబడుదురు’ అని తెనిగించినచో, ఇల్లువాకిళ్లు విడిచి వచ్చినవారి పౌరసత్వము ఎవరి యభిప్రాయముపైననో ఆధారపడియున్నదను శంక కలుగకపోదు.

ఈ శంకను తీర్చు సాధనము తెలుగుననే కలదు. ‘అని’ యనునది ‘అను’ ధాతువునుండి వచ్చినది. ‘గా’ యనునది ‘అగు’ ధాతువునుండి వచ్చినది. ‘బిడ్డ యని భావించుట’ యందు తలపే యున్నది. ‘బిడ్డగా ఎంచుట’ యందు స్థితి యేర్పడుచున్నది. కావున లోకవ్యవహారమున ‘అని తలచు’ననియు, శాసనములయందు ‘గా ఎంచవలెను’, ‘గా పరిగణింపవలెను’ అనియు వ్రాయుట యుక్తమని మేము సూచించుచున్నాము.

దత్తపుత్రుడు తన హక్కును తన భాషలో చదువుకొని, సందేహము లేక గ్రహింపగలిగినపుడే యనువాదము సార్థకమగును.