పిల్లి పొలిమేర దాటితే జబ్బూ దాటుతుంది

గోస్పాడు: కె.సి. కాలువ కింద వరి పండే గోస్పాడు మండలంలో ధాన్యం ఇంటికి చేరిందంటే ఎలుకల బెడద తప్పదు. అందుకే రైతు ఇంట పిల్లికి చోటుంటుంది. చిక్కల్లా అది ఈనిన తర్వాతే. కూనలు ఎక్కువైనా, తల్లిపిల్లి జబ్బుతో చిక్కిపోయినా గోనెసంచిలో వేసి పొలిమేర దాటించడం పల్లెల్లో పాత అలవాటు. పీడ వదిలిందనుకుంటారు గాని, ఆ పిల్లికి ఫెలైన్ ల్యుకేమియా ఉంటే జబ్బు పొరుగూరి పిల్లులకు చేరుతుంది.

ఉమ్మితో అంటుతుంది

ఇది పిల్లి జాతికి సోకే వైరస్ జబ్బు. 1964లో స్కాట్లాండులోని గ్లాస్గోలో విలియం జారెట్ బృందం దీనిని కనుగొంది. ఒకే పళ్లెంలో తినడం, ఒకదాన్నొకటి నాకడం, కరుచుకోవడం వల్ల అంటుతుంది. తల్లి నుంచి కూనలకూ వస్తుంది. సోకిన పిల్లి నెలలు, ఒక్కోసారి ఏళ్ల తరబడి పైకి బాగానే కనిపిస్తుంది. తర్వాత చిగుళ్లు పాలిపోతాయి, తిండి సయించదు, జ్వరం విడవదు. కొన్నింటికి రక్త క్యాన్సర్ వస్తుంది. వైరస్‌ను పూర్తిగా పోగొట్టే మందు లేదు.

మనుషులకు, పశువులకు, కుక్కలకు ఈ జబ్బు రాదు. కనుక భయపడి పిల్లిని వెళ్లగొట్టనక్కరలేదు. అయితే పిల్లి కరిచినా, రక్కినా రేబిస్ ప్రమాదం వేరు. గాయాన్ని సబ్బుతో పావుగంట కడిగి వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలి.

కొద్ది చుక్కల రక్తం చాలు

పశువైద్యులు కొద్ది చుక్కల రక్తం తీసి చిన్న కిట్‌తో పరీక్షిస్తే పావుగంటలో తెలిసిపోతుంది. మొదటి ఫలితమే తుది తీర్పు కాదు. కొన్ని పిల్లులు వైరస్‌ను అణచుకుంటాయి. కొత్తగా సోకినప్పుడు పరీక్షకు దొరకకపోవచ్చు. అందుచేత రెండు నెలలకు మరోసారి చేయించాలి. కిట్లు అన్ని పశువైద్యశాలల్లో ఉండవు. నంద్యాల బయలుదేరే ముందే విచారించుకోవడం మేలు.

ఒక్క ఇల్లు చూపితే చాలు

పిల్లి తన కూనల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు. మనిషి ఒక్క మంచి ఇల్లు చూపితే చాలు. ఎనిమిది వారాలు నిండని కూనను తల్లి నుంచి వేరు చేయరాదు. ఇచ్చేటప్పుడు పరీక్ష ఫలితం దాచకుండా చెప్పాలి. జబ్బున్న పిల్లిని వేరే పిల్లి లేని, దాన్ని బయటికి వదలని ఇంటికే ఇవ్వాలి. అలా సాకితే కొన్నేళ్లు బతికే అవకాశముంది. కొత్త పిల్లిని తెచ్చుకున్నవారు మలి పరీక్ష అయ్యేదాకా పాతదానితో కలపక, వేరే గదిలో వేరే పళ్లెం పెట్టాలి. ఈ వైరస్ బయట ఎక్కువసేపు బతకదు. సబ్బునీళ్లకు పోతుంది.

కూనలు వద్దనుకునేవారు పశువైద్యుని సంప్రదించి పిల్లికి ఆపరేషన్ చేయించవచ్చు. ఆకలిదప్పులతో అలమటించేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం కూడా.