ఛార్జి నిలవని ల్యాప్‌టాప్ బ్యాటరీ: లోపం ఎక్కడ?

2020వ సంవత్సరంలో కరోనా మహమ్మారి కారణంగా పాఠశాలలు, కళాశాలలు మూతపడినప్పుడు మనదేశంలో అనేక మధ్యతరగతి కుటుంబాలు అప్పో సప్పో చేసి పిల్లల చదువుకోసం ల్యాప్‌టాప్‌లు కొన్నాయి. ఆ యంత్రాలలో పెక్కు నేటికీ పనిచేస్తూనే ఉన్నాయి. కాని వాటి బ్యాటరీలు మాత్రం ముసలివయ్యాయి. గోడకున్న ప్లగ్గు ఊడదీసిన అరగంటకే తెర ఆరిపోతుంది. కరెంటు కోత ఉన్న ఊళ్ళో ఆన్‌లైన్ పరీక్ష రాసే విద్యార్థికి ఇది చిన్న ఇబ్బంది కాదు. ఇటువంటి స్థితిలో కొందరు తొందరపడి వేల రూపాయలు పోసి కొత్త బ్యాటరీ కొంటారు. లోపం ఛార్జరులో ఉన్నదని తరువాత తెలుస్తుంది. మరికొందరు ఉబ్బిపోయిన బ్యాటరీతోనే నెలల తరబడి నెట్టుకువస్తారు. మొదటిది ధననష్టం, రెండవది ప్రాణాపాయం.

‘ఛార్జి నిలవడం లేదు’ అన్న మాట వినగానే చిల్లుకుండ గుర్తుకు వస్తుంది. నిజానికి జరిగేది వేరు. వయసు మళ్ళిన బ్యాటరీ చాలావరకు చిల్లుపడిన కుండ కాదు, లోపల గారపట్టి ఇరుకైపోయిన కుండ. నిండుగానే నిండుతుంది, కాని పట్టేది తక్కువ. ఈ భేదం గ్రహిస్తే లోపం వెదకడం సులభమవుతుంది.

ల్యాప్‌టాప్‌లలో వాడేవి లిథియం అయాను ఘటాలు. 1970వ దశకంలో స్టాన్లీ విటింగ్‌హామ్ వేసిన పునాదిపై, 1980లో ఆక్స్‌ఫర్డ్‌లో జాన్ గుడెనఫ్ బృందం కోబాల్టు ఆక్సైడు ధ్రువాన్ని రూపొందించింది. 1985లో జపానులో అకిరా యోషినో సురక్షితమైన నమూనాను తయారుచేశారు. 1991లో సోనీ సంస్థ ఈ ఘటాలను బజారులోకి తెచ్చింది. ఈ ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించినప్పుడు గుడెనఫ్ వయస్సు 97 ఏళ్ళు! ఆ వయస్సులో ఆ బహుమతి అందుకున్నవారు అంతకుముందు లేరు.

ఛార్జి ఎక్కుతున్నప్పుడు లిథియం అయానులు ధనధ్రువం నుండి బయలుదేరి, మధ్యనున్న ద్రావకం గుండా ప్రయాణించి, గ్రాఫైటు పొరలలో కూర్చుంటాయి. వాడుకునేటప్పుడు తిరిగి స్వస్థానానికి చేరుతాయి. ఘటాన్ని మొట్టమొదట ఛార్జి చేసినప్పుడే గ్రాఫైటుపై ఒక సన్నని పొర ఏర్పడుతుంది. అది అవసరమైన పొరే. అది లేకపోతే ద్రావకం విచ్ఛిన్నమవుతూనే ఉంటుంది. అయితే కాలక్రమాన ఆ పొర దళసరి అవుతూ కొంత లిథియాన్ని శాశ్వతంగా మింగివేస్తుంది. పైన చెప్పిన గార ఇదే. వేడి ఎక్కువైనా, ఘటం ఎల్లప్పుడూ నిండు ఛార్జితో ఉన్నా ఇది త్వరగా పెరుగుతుంది. సాధారణంగా 300 నుండి 500 పూర్తి ఆవృత్తాల తరువాత సామర్థ్యం తొలి సామర్థ్యంలో 80 శాతం దగ్గరకు దిగుతుంది. సగం వాడి నింపడం రెండుసార్లు జరిగితే అది ఒక ఆవృత్తం కింద లెక్క.

ఇక పరీక్ష విషయం. మొదట చూడవలసినది బ్యాటరీని కాదు, దానికి విద్యుత్తునందించే ఛార్జరును. ఛార్జరు చీటీపై ఉన్న వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయి. ఉదాహరణకు 19.5 వోల్టులు, 3.34 ఆంపియర్లు అని ఉంటే అది 65 వాట్ల ఛార్జరు. అంత శక్తి కోరే యంత్రానికి టైప్-సి తీగ ఉన్నది కదా అని 18 వాట్ల ఫోను ఛార్జరు తగిలిస్తే, ఛార్జి నత్తనడక నడుస్తుంది, లేదా యంత్రం పనిచేస్తూ ఉండగా ఛార్జి తగ్గుతూనే ఉంటుంది. గుండ్రని పిన్నుగల కొన్ని ఛార్జర్లలో నడుమ ఒక సన్నని సూది ఉంటుంది. అది ఛార్జరును యంత్రానికి పరిచయం చేసే సంకేతాన్ని మోసే మార్గం. ఆ సూది వంగినా, దాని తీగ తెగినా యంత్రం నడుస్తుంది గాని బ్యాటరీ నిండదు. మిత్రుని దగ్గరనుండి సరైన ఛార్జరు ఒక పూట తెచ్చుకొని చూస్తే ఖర్చు లేకుండా ఈ సందేహం తీరిపోతుంది.

ఛార్జి 60 లేక 80 శాతం దగ్గర ఆగిపోతూ ఉంటే కంగారు పడనక్కరలేదు. బ్యాటరీ ఆయుష్షు పెంచడానికి పలువురు తయారీదారులు అటువంటి హద్దును యంత్రంలోనే అమర్చారు. ఎల్లప్పుడూ ప్లగ్గుకు తగిలించి పనిచేసేవారికి అది మేలైన ఏర్పాటు. ప్రయాణంలో వాడేవారు ఆ హద్దును తీసివేసుకోవచ్చు.

తరువాత అసలు సామర్థ్యం తెలుసుకోవాలి. విండోస్ యంత్రంలో ఆజ్ఞల తెర తెరచి ‘పవర్‌సీఎఫ్‌జీ’ అని, ఒక ఖాళీ విడిచి, ఏటవాలు గీత పెట్టి, వెంటనే ‘బ్యాటరీరిపోర్ట్’ అని ఇంగ్లీషులో కొడితే ఒక నివేదిక తయారవుతుంది. అందులో రెండు అంకెలు ముఖ్యం: బ్యాటరీ పుట్టినప్పటి సామర్థ్యం, నేడు నిండుగా పట్టే సామర్థ్యం. మ్యాక్ యంత్రాలలో బ్యాటరీ స్థితి, ఆవృత్తాల సంఖ్య వ్యవస్థ వివరాలలోనే కనిపిస్తాయి. 50 వాట్-గంటల బ్యాటరీ నేడు 30 వాట్-గంటలే పడుతున్నదనుకుందాం. గంటకు 10 వాట్-గంటలు ఖర్చయ్యే రాతపనికి అయిదు గంటలు వచ్చేది మూడు గంటలకు దిగుతుంది. అదే యంత్రంపై 25 వాట్లు మింగే పని పెడితే గంటా పన్నెండు నిమిషాలకే ఖాళీ అవుతుంది. కావున బ్యాటరీని నిందించే ముందు ఖర్చు కూడా చూడాలి. తెర వెలుగు, విడువకుండా నడిచే ప్రోగ్రాములు, దుమ్ముపట్టి నిరంతరం తిరిగే ఫ్యాను, ఇవన్నీ ఆ ఖర్చులోనివే.

నివేదికలోని రెండు అంకెలు దగ్గరగా ఉండికూడా ఛార్జి పోతూ ఉంటే ఒక సులభమైన పరీక్ష ఉన్నది. రాత్రి యంత్రాన్ని పూర్తిగా ఆపివేసి, శాతం రాసిపెట్టుకొని, తెల్లవారి చూడాలి. మరునాడు రాత్రి ఆపివేయకుండా నిద్రావస్థలో ఉంచి మళ్ళీ చూడాలి. మొదటి రాత్రి తరుగు లేక, రెండవ రాత్రి ఎక్కువగా ఉంటే బ్యాటరీ దోషమేమీ లేదు. మూత వేసిన తరువాత కూడా యంత్రం సంచిలో మేలుకొనే ఉంటున్నదన్నమాట. పూర్తిగా ఆపినప్పుడు కూడా ఒక్క రాత్రిలో చాలా శాతం పోతే మాత్రం లోపలి ఘటాన్నో, విద్యుత్ పలకనో అనుమానించాలి. ఆరోగ్యంగా ఉన్న లిథియం ఘటం వాడకపోతే నెలకు కొద్ది శాతమే కోల్పోతుంది. చిల్లుకుండ అన్న పోలిక సరిగా అతికేది ఈ ఒక్క సందర్భంలోనే.

30 శాతం చూపిస్తూ ఉండగానే యంత్రం హఠాత్తుగా ఆరిపోవడం మరొక రకం జబ్బు. ఇందుకు రెండు కారణాలున్నాయి. తెరపై కనిపించే శాతం కిరసనాయిలు డబ్బాలో పుల్ల ముంచి చూసిన కొలత వంటిది కాదు; అది చాలావరకు వచ్చిన విద్యుత్తు, పోయిన విద్యుత్తు రాసుకున్న జమాఖర్చుల పుస్తకం. చిన్న చిన్న పొరపాట్లు పేరుకొని ఆ లెక్క తప్పుతుంది. ఒకసారి నిండుగా ఛార్జి చేసి, కొంతసేపు అలాగే ఉంచి, తనంతట తాను ఆరిపోయేదాకా వాడి, మళ్ళీ అంతరాయం లేకుండా నింపితే నిల్వ సరిచూసినట్లవుతుంది. కొన్ని నెలలకొకసారి చాలు. పూర్వం నికెల్-కాడ్మియం బ్యాటరీలకు చెప్పినట్లు ప్రతిసారీ సున్నా దాకా దించడం లిథియం ఘటాలకు హానికరం.

లెక్క సరిచేసినా ఫలితం లేకపోతే రెండవ కారణాన్ని ఊహించవచ్చు. బ్యాటరీలో సాధారణంగా మూడు, నాలుగు ఘటాలు వరుసగా ఉంటాయి. ఒక్కొక్కటి నిండినప్పుడు 4.2 వోల్టుల దగ్గర, ఖాళీ అయినప్పుడు 3 వోల్టుల దగ్గర ఉంటుంది. వాటిలో ఏ ఒక్కటి బలహీనపడినా రక్షణ వలయం దాని స్థితిని చూసి మొత్తం బ్యాటరీని ఆపివేస్తుంది. కాడికి కట్టిన రెండెడ్లలో ఒకటి కుంటిదైతే బండి నడక దానిదే కదా! దీనికి బ్యాటరీని మార్చడమే మార్గం.

మనదేశపు శీతోష్ణస్థితి ఈ ఘటాలకు కఠిన పరీక్ష. చాలా ఘటాలను ఛార్జి చేయడానికి అనువైన హద్దు 0 నుండి 45 డిగ్రీల సెల్సియస్. పల్నాడులోని రెంటచింతలలో, గోదావరి ఒడ్డున రామగుండంలో నడివేసవిలో నీడలోనే ఉష్ణోగ్రత 45 డిగ్రీలు తాకుతుంది. అప్పుడు యంత్రం లోపలి వేడి ఎంతో చెప్పనవసరం లేదు. రక్షణ వలయం ఛార్జిని ఆపివేస్తే దానిని చెడిపోవడంగా భావించరాదు. లదాఖ్‌లోని లేహ్‌లో చలికాలపు రాత్రి ఇందుకు విరుద్ధమైన చిక్కు. సున్నాకు దిగువన ఛార్జి చేస్తే లిథియం గ్రాఫైటులోనికి పోక, పైననే లోహంగా పేరుకొంటుంది. అక్కడ యంత్రాన్ని గది వెచ్చదనానికి తెచ్చిన తరువాతే ప్లగ్గు పెట్టాలి, ఇక్కడ పరుపుమీద నుండి తీసి బల్లమీద పెట్టాలి. వేసవి సెలవులలో బీరువాలో భద్రపరిచే పాఠశాల ల్యాప్‌టాప్‌లను సుమారు సగం ఛార్జితో, చల్లని చోట ఉంచాలి. పూర్తిగా ఖాళీచేసి నెలల తరబడి వదిలిన ఘటం ప్రమాదస్థాయికి దిగిపోతుంది. తరువాత రక్షణ వలయం దానికి ఛార్జి ఎక్కనివ్వదు.

టచ్‌ప్యాడ్ పైకి లేచినా, మూత సరిగా పడకపోయినా, యంత్రం అడుగు బల్లపై ఊగినా బ్యాటరీ ఉబ్బినదని గ్రహించి తక్షణం ప్లగ్గు తీయాలి, వాడకం ఆపాలి. లోపల వాయువు నిండి ఉంటుంది. గుచ్చినా, నొక్కినా నిప్పంటుకోవచ్చు. దానిని నిపుణుని చేతనే తీయించాలి.

కొత్త బ్యాటరీ కొనేటప్పుడు యంత్రం నమూనా సంఖ్యతోపాటు పాత బ్యాటరీపైనున్న భాగసంఖ్యను, వోల్టులను సరిచూడాలి. భారతీయ ప్రమాణాల సంస్థ గుర్తు, ఐఎస్ 16046 అన్న సంఖ్య ఉన్నాయో లేదో గమనించాలి. పాత బ్యాటరీ కన్న రెట్టింపు సామర్థ్యమని రాసి సగం ధరకు అమ్మే సరుకును నమ్మరాదు.

2022 ఆగస్టులో కేంద్రప్రభుత్వం ప్రకటించిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం వాడిన బ్యాటరీలను సేకరించి, శుద్ధిచేయించే బాధ్యత ఉత్పత్తిదారులదే. వాటిలోని కోబాల్టు, లిథియం దిగుమతిపై ఆధారపడిన మనకు విలువైన లోహాలు. పాత బ్యాటరీ కొనలకు ఇన్సులేషన్ టేపు చుట్టి సేకరణ కేంద్రంలోగాని, కొత్తది అమ్మిన దుకాణంలోగాని అప్పగించాలి. వంటింటి చెత్తతో కలిపి పురపాలక సంఘం బండిలో వేస్తే, చెత్తను అదిమే యంత్రం కింద అది నలిగి మంటలు లేవవచ్చు.