మెరుపు వెనుక కొలత

లోహానికి మెరుపు రెండు విధాలుగా వస్తుంది. ఒకటి చూపు కోసం పెట్టినది. రెండవది పని కోసం నిలుపుకొన్నది. పెండ్లివారింటి వెండిగిన్నె మెరుపు మొదటి జాతిది. దుక్కిలో నేలను చీల్చి చీల్చి తేరిన నాగటికర్రు మెరుపు రెండవ జాతిది. పాత మోటారుసైకిలు ముందుచక్రానికి ఇరుప్రక్కలా అద్దంవలె తళతళలాడే రెండు గొట్టాల మెరుపు ఏ జాతిదని అడిగితే, చాలామంది మొదటిదనే చెబుతారు. నిజానికి అది కర్రు జాతిది. ఈ భేదం తెలియక పాతబండికి క్రొత్త మెరుగు పెట్టించినవారు కొందరు డబ్బు పోగొట్టుకొన్నారు. ప్రాణాపాయం కొనితెచ్చుకొన్నవారు కూడ లేకపోలేదు.

ముందుచక్రాన్ని పట్టి నిలిపే ఈ అమరికను ఫోర్కు అంటారు. మెకానిక్కులు ఆ గొట్టాలను ఫోర్కు రాడ్లని పిలుస్తారు. పై గొట్టం బండి మెడకు బిగించి ఉంటుంది. చక్రాన్ని మోసే క్రింది గొట్టం దానిమీదుగా పైకి క్రిందికి జారుతుంది. లోపల ఒక స్ప్రింగు, కొంత నూనె ఉంటాయి. గోతిలో చక్రం పడినప్పుడు స్ప్రింగు అణగి దెబ్బను మ్రింగుతుంది. అణగిన స్ప్రింగు ఒక్కమారుగా ఎగిరిపడకుండ, సన్నని రంధ్రాల గుండా నెట్టుకొని పోవలసిన నూనె దానిని నిదానిస్తుంది. ఈ విధంగా నూనెతో అదుపుచేసిన ఫోర్కును 1935లో జర్మనీకి చెందిన బీఎండబ్ల్యూ సంస్థ తన ఆర్ 12 బండికి అమర్చింది. నాటినుండి ఈ పద్ధతి లోకమంతటా వ్యాపించింది.

ఆ నూనెను లోపల నిలిపి ఉంచేది రబ్బరుతో చేసిన ఒక వలయం. దాని పేరు ఆయిల్ సీలు. దాని పలుచని పెదవి గొట్టాన్ని ఒరసుకొంటూ ఉంటుంది. మైళ్ళకొలది ప్రయాణంలో ఆ పెదవి అరగక నిలువవలెనంటే, గొట్టం ఉపరితలం గాజువలె నునుపుగాను, దుమ్ముకు రాతికి లొంగనంత గట్టిగాను ఉండవలె. ఉక్కు ఒక్కటే ఆ రెండు గుణాలనూ చాలినంత ఇవ్వలేదు. అందుకే దానిమీద క్రోమియం పూత. వికర్స్ కొలమానంపై మామూలు మెత్తని ఉక్కు కాఠిన్యం 120, 150 అంకెల మధ్య ఉంటే, గట్టి క్రోమియం పూత కాఠిన్యం 850 మొదలు 1000 వరకు ఉంటుంది.

ఇంత గట్టి పూతకు కూడ ఒక బలహీనత ఉన్నది. కంటికి కనబడని సన్నని బీటలు దానిలో పుట్టుకతోనే ఉంటాయి. వానలో తడిసిన బండిని తుడవకుండ నెలలతరబడి విడిచిపెడితే, ఆ బీటల గుండా తేమ దిగి ఉక్కును చేరుతుంది. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి తీరపట్టణాలలో ఉప్పుగాలి ఈ పనిని మరింత త్వరపరుస్తుంది. త్రుప్పు లోపలినుండి ఉబ్బి పూతను పైకి లేపుతుంది. అక్కడ సూదిమొనంత గుంట పడుతుంది. ఆ గుంట అంచు, బండి కదలిన ప్రతిసారీ, రబ్బరు పెదవిని కోస్తుంది. నూనె కారిపోతుంది. నిదానించే నూనె లేని స్ప్రింగు, పగ్గం తెగిన కోడెవంటిది. మలుపులో బ్రేకు నొక్కిన క్షణాన చక్రం నేలను వదలి ఎగిరితే బండి నడిపేవాని నేర్పు అక్కరకు రాదు.

1983లో ఎస్కార్ట్స్ సంస్థ మన దేశంలో విడుదల చేసిన రాజ్‌దూత్ 350, 1985లో వచ్చి 1996 వరకు తయారైన యమహా ఆర్‌ఎక్స్ 100 వంటి బండ్లను నేడు ఎందరో ప్రేమతో బాగుచేయించుకొంటున్నారు. తండ్రి నడిపిన బండిని కొడుకు తిరిగి రోడ్డెక్కించడంలో ఒక తృప్తి ఉన్నది. అయితే అసలు కొలతకు సరిపోయే క్రొత్త రాడ్లు ప్రతి బండికీ దొరకవు. పాతవాటికే మళ్ళీ క్రోమియం పూయించవలసి వస్తుంది. సరిగా ఇక్కడనే మెరుపుకు, పనికి గల భేదం తెలియవలె.

క్రోమియాన్ని 1797లో వోక్లాఁ అనే ఫ్రెంచి రసాయనవేత్త సైబీరియానుండి వచ్చిన ఎర్రని సీసపు ఖనిజంలో కనుగొన్నాడు. దాని సమ్మేళనాలు రకరకాల రంగులలో ఉండుటచేత, గ్రీకు భాషలో రంగు అనే అర్థంగల మాటనుండి దానికి ఆ పేరు వచ్చింది. భారతదేశపు క్రోమైటు నిల్వలలో అత్యధికభాగం ఒడిశాలోని సుకిందా లోయలో ఉన్నది. కొండపల్లి పేరు చెప్పగానే తెలుగువారికి కొయ్యబొమ్మలు స్ఫురిస్తాయి గాని, ఆ కొండలలో క్రోమైటు కూడ కలదు. విద్యుత్తు సహాయంతో ఈ లోహాన్ని నమ్మకంగా పూసే విధానాన్ని 1920ల దశకంలో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో కాలిన్ ఫింక్, ఆయన సహచరులు పరిశ్రమకు అందించారు.

క్రోమియం పూతలో రెండు తెగలున్నాయి. హాండిలుకు, సైలెన్సరుకు వేసేది అలంకారపు పూత. అందులో ముందు రాగి, తరువాత నికెలు, చివర క్రోమియం. ఆ చివరి పొర మందం అర మైక్రాను కూడ ఉండదు. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవవంతు. వాస్తవానికి త్రుప్పును ఆపేది క్రింది నికెలు పొరయే. క్రోమియం ఆ నికెలు మసకబారకుండ కాపాడుతుంది. రెండవది గట్టి పూత. ఇది నేరుగా ఉక్కుమీదనే, ఇరవై ముప్పై మైక్రాన్లు మొదలుకొని అవసరమైనంత మందాన వేసేది. ఫోర్కు రాడ్లకు తగినది ఇదే. అలంకారపు పూత వేసిన రాడ్డు దుకాణంలో చూడడానికి క్రొత్తదానివలెనే ఉంటుంది. కాని దాని పలుచని పొర రాపిడికి ఆగదు. క్రింది నికెలు మెత్తన. కొలత కూడ తప్పుతుంది. కొద్దికాలానికే పొర పెళ్ళలుగా ఊడి సీలును చీల్చుతుంది. ‘పైన పటారం, లోన లొటారం’ అనే సామెతకు ఇంతకంటె తగిన ఉదాహరణ అరుదు.

ఇత్తడిగిన్నెకు కళాయి పెట్టేవాడు ముందు గిన్నెను శుభ్రంగా తోముతాడు. చిలుముమీద కళాయి నిలువదని వానికి తెలుసు. ఫోర్కు రాడ్డు విషయంలోనూ పూతకంటె పూతకు ముందు జరిగే పనియే పెద్దది. మొదట రాడ్డు వంగినదేమో డయల్ గేజితో పరీక్షించవలె. బాగుచేయ వీలులేకుండ వంగినదానికి, బీటవారినదానికి పూత వేయించడం వృథా. దానిని పారవేయుటే క్షేమం. నిటారుగా ఉన్నదాని పాత పూతను రసాయనాలతో తొలగించిన తరువాత, గుంటల అడుగు కనబడేవరకు ఉక్కును గ్రైండింగు యంత్రంపై సమంగా అరగదీయవలె. గుంటలను క్రోమియమే పూడ్చుతుందని అనుకోరాదు. అది పల్లంలో తక్కువగాను, అంచులపైన ఎక్కువగాను పేరుకొనే లోహం. గుంట మీద పూస్తే గుంటయే మెరుస్తుంది.

తరువాత రాడ్డును క్రోమిక్ ఆమ్లపు తొట్టిలో ఋణధ్రువంగా వ్రేలాడదీస్తారు. లీటరుకు 250 గ్రాముల క్రోమిక్ ఆమ్లం, దానిలో నూరవవంతు గంధకికామ్లం, సుమారు 50, 55 డిగ్రీల వేడి; ధనధ్రువానికి సీసపు పలకలు. ఇది చాలకాలంగా వాడుకలో ఉన్న పాళం. పాఠశాలలో ఫారడే సూత్రాలు చదివిన విద్యార్థి ఇక్కడ ఒక లెక్క చేసి చూడవచ్చును. రాడ్డు అడ్డుకొలత 34 మిల్లీమీటర్లు, పూయవలసిన పొడవు 40 సెంటీమీటర్లు అనుకొందాం. 25 మైక్రాన్ల మందానికి పట్టే క్రోమియం ఎనిమిది గ్రాములకు లోపే. రెండు రాడ్లకు కలిపి తులమున్నర కూడ కాదు! కాని మైలుతుత్తపు ద్రావణంలో ఒక రాగి పరమాణువుకు రెండు ఎలక్ట్రానులు చాలితే, ఇక్కడ ఒక్కొక్క క్రోమియం పరమాణువుకు ఆరు కావలె. అదిగాక పంపిన విద్యుత్తులో నూటికి పదినుండి ఇరవై పాళ్ళు మాత్రమే పూతకు ఉపయోగపడుతుంది. మిగిలినదానిలో ఎక్కువభాగం ఉదజనిని, అనగా హైడ్రోజన్ వాయువును, పుట్టించడంతో సరిపోతుంది. నూటికి పదిహేను పాళ్ళు ఫలించినదనుకొని సుమారు 128 ఆంపియర్ల విద్యుత్తు పంపితే ఒక రాడ్డుకు గంటంబావు పడుతుంది. గుంటల కోసం పదవవంతు మిల్లీమీటరు లోతు అరగదీసి ఉంటే మరి అయిదు గంటలు.

తొట్టినుండి తీయగానే పని ముగిసిపోదు. పుట్టిన ఉదజనిలో కొంత ఉక్కులోనికి చొరబడి దానిని పెళుసు చేస్తుంది. బలమైన ఉక్కుతో చేసిన భాగాలను ఆలస్యం చేయక 190, 200 డిగ్రీల వేడిలో కొన్ని గంటలు ఉంచితే ఆ వాయువు చాలవరకు వెలువడి పోతుంది. ఆ పిమ్మట, కొలతకు మించి పేరుకొన్న పూతను మళ్ళీ గ్రైండింగు చేసి అసలు కొలతకు తెచ్చి, నునుపు చేయవలె. ఇంత జరిగినగాని ఆ గొట్టం పనికిరాదు. కనుక బండి యజమాని అడుగవలసిన ప్రశ్నలు మూడు. గుంటల అడుగువరకు అరగదీశారా? పూత మందమెంత? చివరి కొలతకు గ్రైండింగు చేశారా? ఎంత మెరుస్తున్నదని అడుగనక్కరలేదు.

నాలుగవ ప్రశ్న ఒకటి ఉన్నది. దానిని సాధారణంగా ఎవరూ అడుగరు. తొట్టిలో పుట్టిన ఉదజని బుడగలు పైకివచ్చి పగిలినప్పుడు, వాటితోపాటు ఆమ్లం సన్నని మంచువలె గాలిలోకి లేస్తుంది. ఆ ఆమ్లంలోని క్రోమియం ఆరు సంయోజకత గలది. దానిని పీల్చగా పీల్చగా ముక్కు దూలానికి రంధ్రం పడుతుంది; ఊపిరితిత్తులకు క్యాన్సరు కూడ సోకుతుంది. అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనసంస్థ దీనిని మానవులకు నిశ్చయంగా క్యాన్సరు కలిగించే పదార్థాల వర్గంలో చేర్చింది. ఐరోపా సమాఖ్యలో 2017 సెప్టెంబరు తరువాత ప్రత్యేకమైన అనుమతి లేనిదే క్రోమిక్ ఆమ్లాన్ని ఈ పనికి వాడరాదు. అలంకారపు పూతకు, ఇంతకంటె చాల తక్కువ హానికరమైన, మూడు సంయోజకత గల క్రోమియపు ద్రావణాలు వాడుకలోకి వచ్చాయి. గట్టి పూతకు మాత్రం పాత తొట్టియే ఇంకను విస్తారంగా సాగుతున్నది.

హానిని తగ్గించే మార్గాలు తెలియనివి కావు. తొట్టి అంచునుండే ఆవిరిని లాగివేసే గొట్టాలు పెట్టవచ్చు. బుడగలు చిమ్మకుండ ద్రావణంలో మందు కలుపవచ్చు. కడిగిన నీటిని కాలువలోకి వదలక, అందులోని ఆరు సంయోజకత గల క్రోమియాన్ని మూడింటికి దించి, సున్నంతో అడుగుకు దింపి వేరు చేయవచ్చు. వీటన్నిటికీ ఖర్చవుతుంది. ఆ ఖర్చు పెట్టిన దుకాణం ఎక్కువ వెల చెబుతుంది. పెట్టనిది తక్కువ వెలకే పూసి ఇస్తుంది.

అందుచేత పాతబండిని ప్రేమించేవారు పూత వెలను బేరమాడేముందు ఒక్కక్షణం ఆగవలె. ఎనిమిది గ్రాముల లోహానికి ఇంత ధరేమిటని ఆశ్చర్యపడనక్కరలేదు. ధర తగ్గినప్పుడే, అది ఎక్కడ తగ్గినదో విచారించవలె. గొట్టం కొలతలో తగ్గినదైతే నడిపేవాని ప్రాణానికి ముప్పు. తొట్టిప్రక్క నిలిచినవాని ఊపిరిలో తగ్గినదైతే, ఆ మెరుపు వెల మరొకరు చెల్లించినట్లే.