బేనిషాన్ పేరుకు చట్టం ఉంది, మరి చెట్టుకు?

హైదరాబాద్‌లో బేనిషాన్, ఆంధ్రలో బంగినపల్లి, ఢిల్లీ మండీలో సఫేదా. మూడూ ఒకే మామిడి. బేనిషాన్ అంటే మచ్చ లేనిదని మన ఇళ్ళల్లో ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. బనగానపల్లె 1948 దాకా నవాబుల సంస్థానం. వాళ్ళ తోటల నుంచే ఈ పండుకు పేరొచ్చింది. 2017లో దీనికి జీఐ ట్యాగ్, అంటే భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ ఏడాది రంజాన్ మే నెలాఖర్లో మొదలైంది కాబట్టి ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ మీద కూడా ఇదే పండు.

జీఐని ట్రేడ్‌మార్క్‌తో పోల్చి చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. ట్రేడ్‌మార్క్ ఒక కంపెనీది, జీఐ ఒక ప్రాంతంలోని వాళ్ళందరిదీ. 1999లో చేసిన చట్టం 2003 నుంచి అమల్లో ఉంది, రిజిస్ట్రీ ఆఫీసు చెన్నైలో ఉంది. బేనిషాన్ విషయంలో బనగానపల్లె, పాణ్యం, నంద్యాల మండలాలను పుట్టిల్లుగా చూపించారు. కోస్తా, సీమ జిల్లాలతో పాటు తెలంగాణలోని ఖమ్మం, మహబూబ్‌నగర్, రంగారెడ్డి లాంటి చోట్లను కూడా చేర్చారు. అయితే ట్యాగ్ రాగానే రైతుకు హక్కు దానంతట అదే రాదు. అధీకృత వినియోగదారుగా తన పేరు విడిగా నమోదు చేయించుకోవాలి. ఆ దరఖాస్తు ఫీజు ఒకప్పుడు 500 రూపాయలు, 2020లో 10 రూపాయలకు తగ్గించారు. కప్పు చాయ్ ఖర్చే!

అసలు చిక్కు వాతావరణంతో. మామిడి పూతకు చలి రాత్రులు కావాలి. డిసెంబర్, జనవరిల్లో రాత్రిళ్ళు చల్లబడకపోతే పూత ఆలస్యమవుతుంది, లేదంటే పూతకు బదులు కొత్త చిగుళ్ళు వస్తాయి. పూత మీద ఉండగా మబ్బు పట్టినా, మంచు కురిసినా, అకాల వాన పడినా బూడిద తెగులు, తేనెమంచు పురుగు దిగుతాయి. మార్చిలోనే ఎండ ముదిరితే పిందె రాలుతుంది. ఏప్రిల్‌లో ఈదురుగాలి ఒక్క గంట వీస్తే చాలు, కాయ నేల మీద ఉంటుంది. జీఐ ఇచ్చేదే ఈ నేల, ఈ గాలి వల్ల పండుకు ఆ గుణం వచ్చిందని. ఆ గాలే మారిపోతే ట్యాగ్ కాగితం దేనిని కాపాడుతుంది?

దీనికి దేశం దగ్గర ప్రణాళిక లేదా అంటే, ఉంది. 2008లో వచ్చిన జాతీయ వాతావరణ మార్పు కార్యాచరణ ప్రణాళికలో 8 మిషన్లున్నాయి, వాటిలో ఒకటి వ్యవసాయానిది. 2011లో నిక్రా అనే కార్యక్రమం మొదలైంది. దాన్ని నడిపే క్రీడా సంస్థ ఎక్కడో లేదు, మన సంతోష్‌నగర్‌లోనే ఉంది. వాన ఆలస్యమైతే ఏ పంట వేయాలి, కరువొస్తే ఏ రకం తట్టుకుంటుంది అని జిల్లాలవారీగా ప్రణాళికలు తయారు చేసింది. మంచి పనే. కానీ రకం మార్చుకో అనే సలహా వరి, కంది రైతుకు పనికొస్తుంది, మామిడి రైతుకు కాదు. ముప్పై ఏళ్ళ చెట్టును వచ్చే సీజన్‌కి మార్చలేడు. మార్చినా అది బేనిషాన్ కాదు, జీఐ పేరు వాడుకోలేడు. ఒక చట్టం అదే రకంతో ఉండమంటుంది, ఇంకో ప్రణాళిక తట్టుకునే రకానికి వెళ్ళమంటుంది. జీఐ వాణిజ్య శాఖ కింద, పంట వ్యవసాయ శాఖ కింద, వాతావరణం పర్యావరణ శాఖ కింద. నాకైతే ఈ మూడు ఫైళ్ళూ ఒక టేబుల్ మీదికి రావడం లేదనిపిస్తోంది.

ఇక మిగిలింది బీమా. 2016 నుంచి ఉన్న వాతావరణ ఆధారిత పంటల బీమాలో తోట పంటలకు రైతు వాటా బీమా మొత్తంలో 5 శాతానికి మించదు. కానీ ఆ పంటను, ఆ ప్రాంతాన్ని రాష్ట్రం నోటిఫై చేసి ఉండాలి. పరిహారం కూడా మీ తోటలో రాలిన కాయను చూసి కట్టరు, దగ్గరి వాతావరణ కేంద్రంలో నమోదైన వాన, వేడి లెక్కను బట్టి కడతారు. పైగా బీమా రైతుకీ, కౌలు రైతుకీ మాత్రమే. పూత చూసి తోట గుత్తకు పట్టే వ్యాపారులు ఇందులోకి రారు. ఆ వ్యాపారంలో మనవాళ్ళూ ఉన్నారు. పూత మీద పెట్టిన డబ్బు ఒక్క గాలివానకు పోతే ఆ నష్టం పూర్తిగా వాళ్ళదే.

తోట ఉన్నవాళ్ళు ఈ ఏడాది రెండు పనులు చేయొచ్చు. మామిడి మీ మండలంలో నోటిఫై అయిందో లేదో పూత రాకముందే ఉద్యాన శాఖ ఆఫీసులో అడగండి. ఎందుకంటే గడువు దాటాక ప్రీమియం తీసుకోరు. అక్కడే జీఐ నమోదుకు కావాల్సిన ఫారం జీఐ-3 గురించి కూడా అడగండి.